మౌస్ మొరాయిస్తే... మీట మొండికేస్తే!

గేమింగ్‌కూ, రోజువారీ పనికీ నమ్మకమైన జోడీని ఎంచుకోవడం ఎలా?
ప్రకటనల్లో అంకెలు కాదు.. మీ చెయ్యి చెప్పేది వినండి

వైట్‌ఫీల్డ్ (బెంగళూరు):

ఆదివారం సాయంత్రం. కుప్పం వైపు నుంచి వచ్చిన రైలు వైట్‌ఫీల్డ్ స్టేషన్‌లో ఆగుతుంది. బిలబిలమంటూ కుర్రాళ్లు దిగుతారు. ఒక చేతిలో అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా, మరో భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు. కాడుగోడిలోనో, హోప్‌ఫారం దగ్గరో, కుందలహళ్లిలోనో ఓ పీజీ గది. గదిలో మూడు మంచాలు, ఒక చిన్న బల్ల. సోమవారం ఉదయం తొమ్మిదయ్యేసరికి ‘లాగిన్’ కావాలి. రాత్రి తొమ్మిది దాటితే అదే బల్ల మీద ఆట మొదలు.

ఈ బతుకంతా నడిచేది రెండు వస్తువుల మీద. ఒకటి మౌస్, రెండోది కీబోర్డు. లక్ష పెట్టి ల్యాప్‌టాప్ కొనేవాళ్లు కూడా వీటి దగ్గరికి వచ్చేసరికి ‘ఏదో ఒకటిలే’ అనేస్తారు. కానీ రోజుకు పది గంటలు చెయ్యి ఉండేది ల్యాప్‌టాప్ మూత మీద కాదు, వీటి మీదే. రైతు కొడవలి పట్టి చూడకుండా కొంటాడా? మంగలి కత్తి పదును చూడకుండా తెస్తాడా? మరి మన పనిముట్టు విషయంలోనే ఎందుకీ అశ్రద్ధ?

ఈ విలేకరికి ఆ పాఠం కాస్త ఖరీదుగానే వంటబట్టింది. ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకు కొన్న మౌస్ ఆరు నెలలకే ఒక నొక్కుకు రెండు నొక్కులు లెక్కేయడం మొదలెట్టింది. పోనీలే అని సర్దుకుపోతే ఓ రాత్రి పదకొండు గంటలప్పుడు, పేజీ వెళ్లిపోయే వేళ, రాసిన వార్తలో సగాన్ని పట్టుకొని మరోచోట పడేసింది. ఎక్కడ పడిందో వెతికేలోపు పేజీ వెళ్లిపోయింది. మర్నాడు అచ్చయిన వార్తకు తల ఉంది, కాళ్లు లేవు. ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న కుర్రాడికో, ఇంటర్వ్యూలో కోడ్ రాస్తున్న అమ్మాయికో అదే జరిగితే? పోయేది 150 రూపాయలు కాదు కదా!

ముందు మీరెవరో తేల్చుకోండి

కొట్టులోకి వెళ్లగానే ‘మంచి మౌస్ చూపించండి’ అని అడగడం పొరపాటు. అందరికీ మంచిది అనేది ఏదీ లేదు. ముందు ఈ నాలుగు ప్రశ్నలకు మీకు మీరే జవాబు చెప్పుకోండి.

రోజుకు ఎన్ని గంటలు పని, ఎన్ని గంటలు ఆట? గదిలో ఒక్కరే ఉంటారా, పక్క మంచం మీద నిద్రపోయేవాళ్లు ఉన్నారా? రోజూ ఆఫీసుకు మోసుకెళ్లాలా, బల్ల మీదే ఉంటుందా? తెలుగులోనూ, కన్నడంలోనూ టైప్ చేసే పని ఉందా?

ఎనిమిది గంటలు పని, గంట ఆట అయితే పనికి తగ్గదే కొనండి. ఆటకు అది సరిపోతుంది. అచ్చంగా ఆటకని చేసిన వస్తువు మాత్రం పనికి ప్రతిసారీ నప్పదు. రంగురంగుల దీపాలు మిణుకుమిణుకుమనే కీబోర్డుతో ఆఫీసు మీటింగ్‌లో కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మౌస్: చెప్పులాంటిది.. కొలత కుదరాలి

చెప్పు ఎంత ఖరీదైనదైనా కొలత కుదరకపోతే కరుస్తుంది. మౌసూ అంతే. దాన్ని పట్టుకునే తీరు మూడు రకాలు. అరచెయ్యి మొత్తం మౌస్ మీద వాల్చేవాళ్లు కొందరు. వీరికి వెనక భాగం ఎత్తుగా ఉన్న పెద్ద మౌస్ నప్పుతుంది. వేళ్లను పిల్లి గోళ్లలా వంచి పట్టేవాళ్లు ఇంకొందరు. వీరికి మధ్య సైజు మేలు. అరచెయ్యి తగలకుండా వేళ్ల కొసలతోనే తిప్పేవాళ్లు మూడో రకం. వీరికి చిన్నది, తేలికైనది కావాలి.

మీరు ఏ రకమో తెలుసుకోవడం తేలికే. కళ్లు మూసుకొని, పని చేస్తున్నట్టే మౌస్ మీద చెయ్యి వేయండి. తర్వాత కళ్లు తెరిచి చూస్తే తెలిసిపోతుంది. బ్యాగులో పట్టాలని అగ్గిపెట్టెంత మౌస్ కొనేవాళ్లు ఎక్కువ. పెద్ద చెయ్యి ఉన్నవారు దాంతో రోజంతా పని చేస్తే సాయంత్రానికి వేళ్లు ముడుచుకుపోయి నొప్పెడతాయి.

ఎడమచేతి వాటం వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒక పక్కకు ఒంపు తిరిగిన మౌస్‌లు దాదాపుగా కుడిచేతి కోసం చేసినవే. రెండు పక్కలా ఒకేలా ఉన్నది తీసుకొని, కంప్యూటర్ సెట్టింగ్స్‌లో బటన్లు అటూ ఇటూ మార్చుకుంటే సరి.

డీపీఐ మాయలో పడొద్దు

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘16,000 డీపీఐ’ అని కనిపిస్తుంది. పక్కనే మరో డబ్బా మీద 25,000. ఎక్కువ ఉన్నదే గొప్పదనుకుంటాం. అసలు లెక్క చూద్దాం.

డీపీఐ అంటే మౌస్ ఒక అంగుళం కదిలితే తెర మీద బాణం గుర్తు ఎన్ని చుక్కలు కదులుతుందో చెప్పే అంకె. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర అడ్డంగా 1,920 చుక్కలు. 800 డీపీఐ దగ్గర మౌస్‌ను సుమారు రెండున్నర అంగుళాలు జరిపితే ఈ చివర నుంచి ఆ చివరకు చేరుతుంది. చేతికి అది హాయి. అదే 16,000 పెడితే? అంగుళం జరిపేసరికి ఎనిమిది తెరలు దాటిపోతుంది. దేనిమీదా గురి నిలవదు. తుపాకీ ఆటల్లో ఆరితేరిన ఆటగాళ్లు సైతం ఎక్కువగా 400 నుంచి 1,600 మధ్యే పెట్టుకుంటారు. పెద్ద అంకె అమ్మేవాడికి అక్కరకొస్తుంది, కొనేవాడికి కాదు.

డీపీఐ కన్నా ముఖ్యమైనది లోపలి సెన్సర్ నమ్మకంగా పనిచేయడం. మౌస్‌ను విసురుగా అటూ ఇటూ తిప్పినప్పుడు బాణం గుర్తు ఎగిరి ఏ మూలకో పోకూడదు. నెమ్మదిగా గీత గీసినప్పుడు వణకకూడదు. ఈ రెండూ కుదిరితే చాలు.

ఇక ‘పోలింగ్ రేట్’. మౌస్ సెకనుకు ఎన్నిసార్లు తన కబురు కంప్యూటర్‌కు చెబుతుందనేదే ఇది. మామూలు మౌస్ 125 సార్లు, అంటే ప్రతి 8 మిల్లీసెకన్లకు ఒకసారి. గేమింగ్ మౌస్ 1,000 సార్లు, అంటే మిల్లీసెకనుకు ఒకసారి. మీ తెర సెకనుకు 60 బొమ్మలు చూపేదైతే బొమ్మకూ బొమ్మకూ మధ్య దాదాపు 17 మిల్లీసెకన్లు. 1,000 ఉంటే ఆటకు చాలు. 4,000, 8,000 అంటూ వచ్చే వాటికి అదనంగా పోసే డబ్బు మామూలు తెర ముందు బూడిదలో పోసిన పన్నీరే.

మరో చిట్కా. విండోస్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ అనే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే చెయ్యి వేగాన్ని బట్టి బాణం దూరం మారిపోతుంది. గురి చూసి కొట్టే ఆటలు ఆడేవారు దాన్ని తీసేసి చూడండి. కొత్త మౌస్ కొనక్కర్లేకుండానే గురి కుదిరే అవకాశం ఉంది.

రెండుసార్లు నొక్కే రోగం

మౌస్‌లకు వచ్చే పెద్ద జబ్బు ఇదే. మనం ఒకసారి నొక్కితే అది రెండుసార్లు నొక్కినట్టు లెక్కేస్తుంది. బటన్ కింద చిన్న స్విచ్, అందులో పలుచటి లోహపు రేకు ఉంటాయి. నొక్కినప్పుడు రేకు వంగి కింది లోహాన్ని తాకుతుంది. వాడగా వాడగా రేకు బిగువు సడలుతుంది, తాకే చోట పొర పడుతుంది. దాంతో తాకీ తాకనట్టు ఎగురుతుంది. ఆ ఎగురుడునే కంప్యూటర్ రెండో నొక్కు అనుకుంటుంది.

డబ్బాల మీద ‘2 కోట్ల క్లిక్కులు’, ‘5 కోట్ల క్లిక్కులు’ అని రాసేది ఈ స్విచ్ గురించే. అది ప్రయోగశాల లెక్క. వాడేవాడి చెయ్యి, గదిలో తేమ, దుమ్ము.. వీటికి ఆ లెక్క తెలియదు. ఈ మధ్య ‘ఆప్టికల్ స్విచ్’ మౌస్‌లు వస్తున్నాయి. వాటిలో లోహం లోహాన్ని తాకదు. నొక్కు పడిందా లేదా అన్నది కాంతి కిరణం చెబుతుంది. అందువల్ల ఈ రోగం వాటికి రాదు. ధర మాత్రం కాస్త ఎక్కువ.

రోగం వచ్చిందేమోనని అనుమానమా? ఒక ఫోల్డర్ మీద నెమ్మదిగా, ఒక్కొక్కసారే ఇరవైసార్లు నొక్కండి. ఒక్కసారైనా దానంతట అదే తెరుచుకుంటే జబ్బు మొదలైనట్టే. వారంటీ ఉంటే వెంటనే పట్టుకెళ్లండి. రేపు చూద్దాంలే అంటే, ఈ విలేకరి వార్తకు పట్టిన గతే!

తీగ ఉన్నదా? లేనిదా?

తీగ ఉన్న మౌస్ చౌక, బ్యాటరీ బాధ లేదు, నమ్మకం ఎక్కువ. కాకపోతే తీగ బల్ల అంచుకు తగిలి లాగుతుంది. అందుకే గట్టి రబ్బరు తీగ కన్నా మెత్తటి అల్లిక తీగ మేలు.

తీగ లేనివాటిలో రెండు రకాలు. చిన్న యూఎస్‌బీ ముక్క గుచ్చితే పనిచేసేవి 2.4 గిగాహెర్ట్జ్ రకం. ముక్క లేకుండా నేరుగా కలిసేవి బ్లూటూత్ రకం. ఆటకు మొదటిదే సరైనది. బ్లూటూత్‌లో ఆలస్యం ఎక్కువ. ఆఫీసు పనికి, ప్రయాణానికి అది బాగుంటుంది. రెండూ ఉన్నవి దొరికితే మరీ మంచిది.

వైట్‌ఫీల్డ్ పీజీల్లో ఓ చిక్కుంది. ఒక్కో అంతస్తులో ఎన్నో వైఫై పెట్టెలు. వాటిలో చాలావరకు ఇదే 2.4 గిగాహెర్ట్జ్ దారిలో నడుస్తాయి. దారి రద్దీ అయితే మౌస్ తడబడుతుంది. మరో కారణం ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. యూఎస్‌బీ 3.0 రంధ్రంలో పెట్టిన హార్డ్‌డిస్క్, పెన్‌డ్రైవ్ వంటివి ఆ పక్కనే గుచ్చిన మౌస్ ముక్కకు అడ్డు తగులుతాయి. మందు సులువే. చిన్న యూఎస్‌బీ పొడిగింపు తీగ కొని, ఆ ముక్కను మౌస్‌కు దగ్గరగా బల్ల మీదకు తెచ్చుకోండి. సగం తడబాట్లు అక్కడే పోతాయి.

ఇంకో మాట. కొన్ని కంపెనీలు భద్రత కోసం ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్‌నూ, బయటి యూఎస్‌బీలనూ కట్టడి చేస్తాయి. కొనే ముందు మీ ఐటీ విభాగాన్ని ఒక్క మాట అడగండి.

కీబోర్డు: గుట్టంతా మీట కిందే

చౌక కీబోర్డుల్లో మీటల కింద రబ్బరు పొర ఉంటుంది. దీన్ని మెంబ్రేన్ అంటారు. చప్పుడు తక్కువ, ధర తక్కువ. కొన్నేళ్లకు రబ్బరు మెత్తబడి మీట ‘చచ్చినట్టు’ అవుతుంది. ల్యాప్‌టాప్‌లలో ఉండేది దీని తమ్ముడే. కత్తెరలాంటి అమరికతో పలుచగా ఉంటుంది.

మూడోది మెకానికల్. ప్రతి మీటకూ దాని సొంత స్విచ్, సొంత స్ప్రింగు. 1980లలో జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ తెచ్చిన ఎంఎక్స్ స్విచ్‌లతో ఈ రకానికి పేరొచ్చింది. ఆ తర్వాత చైనా కంపెనీలు అదే నమూనాలో తయారు చేయడంతో ధరలు దిగొచ్చాయి. రంగును బట్టి స్వభావం తెలుస్తుంది.

ఎరుపు: నొక్కితే సాఫీగా దిగుతుంది. చప్పుడు తక్కువ. ఆటగాళ్లకు ఇష్టం.
గోధుమ: మధ్యలో చిన్న మెట్టు తగిలినట్టు ఉంటుంది. పనికీ ఆటకూ మధ్యేమార్గం.
నీలం: మెట్టు తగులుతుంది, ‘టిక్’మని చప్పుడూ చేస్తుంది. టైపింగ్ ప్రియులకు పండగ. పక్కవాడికి దండగ.

ఆ చివరిదాన్ని ముగ్గురుండే గదిలోకి తెస్తే రాత్రి పన్నెండుకు ‘అన్నా, ఆ టకటక ఆపు.. పొద్దున్నే నాకు షిఫ్టుంది’ అనే కేక ఖాయం. పీజీల్లో గొడవలకు కారణాలు ఇప్పటికే బోలెడు. ఇంకోటి ఎందుకు? గోధుమ రంగో, ఎరుపో చూసుకోండి. ‘సైలెంట్’ స్విచ్‌లు దొరికితే మరీ మంచిది.

మెకానికల్ అంటే ఇప్పుడొచ్చిన ఫ్యాషన్ అనుకునేరు. మన చెన్నైకి చెందిన టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వారి ‘గోల్డ్’ కీబోర్డు మన కౌంటర్లలో ఏళ్ల తరబడి టకటకలాడింది. బిల్లు కొట్టే కొట్టుల్లో, టికెట్లిచ్చే చోట్ల ఆ చప్పుడు విననివారు అరుదు. దీపాలు లేవు, సోకులు లేవు. ఏళ్ల తరబడి పనిచేయడం ఒక్కటే దానికి తెలుసు. రోజంతా అంకెలు కొట్టే లెక్కల ఉద్యోగులకు, దుకాణదారులకు ఇప్పటికీ ఆ తరహా కీబోర్డే సరి.

గేమింగ్‌కు చూడాల్సింది ఇంకొకటుంది. ఆటలో మూడు నాలుగు మీటలు ఒకేసారి నొక్కుతాం. చౌక కీబోర్డులో మీటల తీగలు గళ్లు గళ్లుగా కలిసి ఉంటాయి. కొన్ని మీటలు కలిపి నొక్కితే ఒకటి పలకదు. మీరు పరుగెత్తుతూ ఎగరాలనుకుంటే బొమ్మ నిలబడిపోతుంది. దీనికో చిన్న పరీక్ష. నోట్‌ప్యాడ్ తెరిచి, రెండు షిఫ్ట్ మీటలూ కలిపి పట్టుకొని, ‘ఏ’ నుంచి ‘జెడ్’ దాకా వరుసగా కొట్టించండి. కొన్ని అక్షరాలు రాకపోతే ఆ కీబోర్డుకు ఆ బలహీనత ఉన్నట్టే. ఆఫీసు పనికి ఫర్వాలేదు. ఆటకు మాత్రం వద్దు.

చిన్నదా, పెద్దదా?

కుడివైపు అంకెల మీటలున్నది పూర్తి సైజు. అకౌంట్స్, బ్యాంకింగ్, ఎక్సెల్ పనివారికి అది తప్పనిసరి. అంకెల మీటలు తీసేసింది ‘టీకేఎల్’. బల్ల మీద చోటు మిగులుతుంది, మౌస్ దగ్గరకొస్తుంది, భుజం మరీ పక్కకు చాచక్కర్లేదు. చాలామందికి ఇదే మంచి సైజు. ‘60 శాతం’ అని అమ్మేవాటిలో పైవరుస ఎఫ్ మీటలూ, బాణం మీటలూ ఉండవు. ముద్దొస్తుందని కొని, మర్నాడు ఎఫ్5 ఎక్కడని వెతుక్కునేవారు ఉన్నారు. జాగ్రత్త!

తెలుగూ, కన్నడమూ.. ఒకటే మీట

సరిహద్దు దాటి వచ్చిన మనకు ఇది ఆసక్తికరమైన సంగతి. భారతీయ భాషలకు ప్రభుత్వ ప్రమాణంగా ఉన్న ‘ఇన్‌స్క్రిప్ట్’ అమరికలో ఒక ధ్వనికి అన్ని భాషల్లోనూ ఒకటే మీట. స్వరాలూ గుణింతాలూ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. ‘తెలుగు’ అని రాయాలంటే ఇంగ్లిషు మీటల్లో ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి కొట్టాలి. భాషను కన్నడానికి మార్చి అవే ఆరు మీటలు కొడితే అదే మాట కన్నడ లిపిలో వస్తుంది. ఒకటి నేర్చుకుంటే రెండోది ఉచితం!

విండోస్‌లో ఈ అమరిక ముందే ఉంటుంది. భాష జోడించుకుంటే చాలు. డీటీపీ పని చేసినవారికి ఆపిల్, మాడ్యులర్ అమరికలు అలవాటు. కర్ణాటకలో ప్రభుత్వ పనికి ‘నుడి’ వాడతారు. ఏది వాడినా కీబోర్డు మాత్రం మామూలు ఇంగ్లిషు కీబోర్డే. ‘తెలుగు కీబోర్డు’ అని విడిగా ఎక్కువ ధర పెట్టక్కర్లేదు. అక్షరాల స్టిక్కర్లు అంటించుకుంటే సరిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో విడి అచ్చులకూ, ఒత్తు హల్లులకూ షిఫ్ట్ మీట వాడాలి కాబట్టి ఎడమవైపు షిఫ్ట్ పెద్దదిగా ఉన్నది చూసుకోండి. కొన్ని విదేశీ అమరికల్లో అది సగమే ఉంటుంది.

ఎక్కడ కొనాలి?

బెంగళూరులో కంప్యూటర్ సామాన్లకు పెట్టింది పేరు ఎస్‌పీ రోడ్డు. పూర్తి పేరు సాదర్ పత్రప్ప రోడ్డు. ఒకప్పుడు వైట్‌ఫీల్డ్ నుంచి అక్కడికి వెళ్లడమంటే ఒక పూట ప్రయాణం. 2023 మార్చిలో వైట్‌ఫీల్డ్ (కాడుగోడి) నుంచి కేఆర్ పురం వరకు మెట్రో వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 9న మధ్యలో మిగిలిన ముక్క కూడా కలవడంతో ఊదా లైనులో నేరుగా మెజెస్టిక్ చేరుకోవచ్చు. అక్కడ ఆకుపచ్చ లైనుకు మారి చిక్కపేటలోనో, కేఆర్ మార్కెట్‌లోనో దిగి కాస్త నడిస్తే ఎస్‌పీ రోడ్డు. ఆదివారం చాలా కొట్లు మూసి ఉంటాయి, శనివారం పొద్దున్నే వెళ్లండి. బేరమాడటం తప్పు కాదు. ‘బిల్ కొడి’ అని కన్నడంలో అడగడం మాత్రం మరవద్దు. బిల్లు లేకుండా వంద తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ వందతో పాటే వారంటీ కూడా పోతుంది.

కొట్టుకు వెళ్లడంలో పెద్ద లాభం చేత్తో పట్టి చూడొచ్చు. ఆన్‌లైన్‌లో లాభం ధర, ఇంటికే రావడం. రెండూ కావాలంటే కొట్టులో పట్టి చూసి, ధర పోల్చి, ఆ తర్వాత నిర్ణయించుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే అమ్మేది ఎవరో చూడండి. పేరున్న బ్రాండు సగం ధరకే వస్తోందంటే అనుమానించాల్సిందే. డబ్బా మీద సీరియల్ నంబరు, దిగుమతిదారు చిరునామా, గరిష్ఠ ధర ఉన్నాయా చూడండి. వైర్‌లెస్ కీబోర్డుకు మన బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు తప్పనిసరి. డబ్బా తెరిచేటప్పుడు ఫోనులో వీడియో తీసుకుంటే తగాదా వచ్చినప్పుడు అదే సాక్ష్యం.

ధరల మాటకొస్తే, తీగ ఉన్న మామూలు మౌస్ 300 నుంచి 600 రూపాయల్లో, గేమింగ్‌కు సరిపోయేది 1,000 నుంచి 2,500 మధ్య దొరుకుతుంది. మంచి మెంబ్రేన్ కీబోర్డు 500 నుంచి 1,000, మెకానికల్ 2,000 నుంచి 4,000. ఇవి సుమారు లెక్కలే. పండగ అమ్మకాల్లో తగ్గొచ్చు. మొత్తం నాలుగు వేల లోపు పనికీ ఆటకూ సరిపడే జోడీ కుదురుతుంది. అంతకు మించి పెట్టేది చాలావరకు సరదాకే.

వారంటీ ఒకటి నుంచి మూడేళ్ల వరకు ఉంటుంది. రెండు వస్తువుల మధ్య తేల్చుకోలేకపోతే వారంటీ ఎక్కువున్నది, బెంగళూరులో సర్వీస్ కేంద్రం ఉన్నది తీసుకోండి. వారంటీ ఉండీ తిప్పుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివాసం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బెంగళూరులో కొన్న దానికి చిత్తూరులో నివాసం ఉండేవారు చిత్తూరులోనే అడగొచ్చన్నమాట.

మణికట్టు మాట వినండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మౌస్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు. మణికట్టు పోతే ఏ రోడ్డులోనూ దొరకదు.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయా? రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తోందా? చెయ్యి విదిలిస్తే తగ్గుతోందా? మణికట్టు లోపల నరం ఒత్తిడికి గురవుతోందని శరీరం చెబుతున్నట్టే. దీన్ని డాక్టర్లు కార్పల్ టనల్ సిండ్రోమ్ అంటారు. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం వంటి కారణాల వల్లా ఇది వస్తుంది కాబట్టి తప్పంతా కీబోర్డుదే అనలేం. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కు చూపించండి. బామ్ రాసుకుంటూ నెట్టుకురావద్దు.

ముందు జాగ్రత్తకు ఖర్చేమీ లేదు. మోచెయ్యి దాదాపు ఎల్ ఆకారంలో, మణికట్టు తిన్నగా ఉండేలా కుర్చీ ఎత్తు సరిచేసుకోండి. కీబోర్డు వెనక కాళ్లు లేపితే మణికట్టు పైకి వంగుతుంది. అందుకే వాటిని మడిచే ఉంచండి. మంచం మీద పడుకొని ఆడటం, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకొని పనిచేయడం మానుకోండి. అరగంటకోసారి చేతులు విదిలించి లేవండి. ఎంత మంచి మౌస్ అయినా ఆరు గంటలు ఆపకుండా ఆడితే నొప్పి రాకుండా ఆపలేదు.

తల్లిదండ్రులకు ఓ మాట

‘గేమింగ్ కీబోర్డు’ అనగానే పిల్లాడు చెడిపోయాడనుకోవద్దు. ఈ-స్పోర్ట్స్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాల పోటీగా చేరింది. మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించి, డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. అడగాల్సింది ‘ఆడుతున్నావా?’ అని కాదు. ‘డబ్బు పెడుతున్నావా? ఎంతసేపు ఆడుతున్నావు?’ అని.

కొనే ముందు ఐదు నిమిషాలు

* మౌస్ మీద కళ్లు మూసుకొని చెయ్యి వేయండి. వేళ్లు సహజంగా బటన్ల మీదికి రావాలి.
* మౌస్‌ను చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. లోపల గలగలమంటే వద్దు.
* చక్రం పైకీ కిందికీ తిప్పండి. పేజీ వెనక్కి ఎగరకూడదు.
* స్పేస్, ఎంటర్, షిఫ్ట్ మీటలను మధ్యలోనూ, అంచుల్లోనూ నొక్కండి. ఎక్కడ నొక్కినా ఒకేలా దిగాలి.
* కీబోర్డును రెండు చేతులా పట్టి కాస్త మెలిపెట్టండి. అట్టముక్కలా వంగితే పెట్టేయండి.
* బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి. అక్కడికక్కడే ఫోనులో ఫొటో తీసుకోండి. కాగితం బిల్లు అక్షరాలు ఏడాదికే వెలిసిపోతాయి.

కొన్నాక కాపాడుకోవాలి

గాజు బల్ల మీద మామూలు మౌస్ తడబడుతుంది. వంద, రెండొందల గుడ్డ ప్యాడ్ వేస్తే మౌస్ కాళ్లూ అరగవు. నెలకోసారి కీబోర్డును తిరగేసి తట్టండి. మిక్చర్ పలుకులు రాలతాయి, సిగ్గుపడకండి. టీ ఒలికిందా? ముందు తీగ పీకేయండి, లేదా బ్యాటరీ తీయండి. వెంటనే బోర్లించండి. ఒకటి రెండు రోజులు బాగా ఆరనివ్వండి. ఆత్రపడి మధ్యలో గుచ్చితే ఉన్నదీ పోతుంది.

పాడైనవాటిని చెత్తబుట్టలో వేయకండి. ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. బాగున్నవి ఊరికి తీసుకెళ్లండి. మీరు పక్కనపెట్టిన కీబోర్డుతో ఊళ్లో ఓ తమ్ముడో చెల్లెలో టైపింగ్ నేర్చుకుంటే అంతకన్నా ఏం కావాలి?

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను తొలిసారి జనానికి చూపించారు. దాని తొలి నమూనా చెక్క డొప్ప, అడుగున రెండు చక్రాలు. దీపాలు లేవు, డీపీఐ డబ్బా కొట్టడం లేదు. మనిషి చేతికీ యంత్రానికీ మధ్య వంతెన వేయడమే ఆయన ఆలోచన. ఇవాళ మనం కొనాల్సిందీ ఆ వంతెననే. అది గట్టిదైతే చాలు, దాని మీద తోరణాలు లేకపోయినా ఫర్వాలేదు.

ఈ విలేకరి బల్ల మీద ఇప్పుడున్నది తీగ ఉన్న మామూలు మౌస్. దీపాలేవీ లేవు. ఒకసారి నొక్కితే ఒకసారే నొక్కుతుంది. ఈ వార్తకు తలా, కాళ్లూ రెండూ ఉన్నాయి కదా!